మూడో మీట

వల్పరాయిసో కొండల మీద ఇళ్ళకి
నేల తక్కువ, మెట్లు ఎక్కువ.
ఈ ఇంటికి నలభై ఒకటి.
కింద బల్దొమేరో, పైన సులేమా.
విడిపోయి పదకొండేళ్ళు.
గిన్నెలు పంచుకున్నారు, కుక్కని వంతులేసుకున్నారు,
కుక్క పోయింది, వంతులు మిగిలాయి.
మెట్ల మీద దీపం మాత్రం ఒక్కటే.
దాన్నెట్లా పంచుతారు?

నన్ను పిలిచింది వాళ్ళు కాదు,
మధ్య మలుపులో గదికి అద్దె కట్టే రొసెండా.
తెల్లారుజామున నాలుగింటికి చేపలరేవుకి దిగే మనిషి.
"ఇరవయ్యో మెట్టు మీద నేనుంటాను,
వెలుగేమో ఆ ఇద్దరి చేతుల్లో ఉంటుంది" అంది.

పాత పెట్టె మూత విప్పాను.
గుడ్డ తొడిగిన తీగెలు,
ముట్టుకుంటే ఉల్లిపొరల్లా రాలుతున్నాయి.
ఎవడో మహానుభావుడు రెండు మీటల్నీ
ఒకే తీగెకి పూసల్లా వరసగా గుచ్చి పోయాడు.
ఇద్దరూ ఔనంటేనే వెలుగు.
ఏ ఒక్కరు కాదన్నా చీకటి.
ఆయన పడుకోబోతూ ఆర్పేస్తే
ఆవిడ పైనుంచి ఎంత నొక్కినా ఏం లాభం?
కావాలనే చేస్తున్నాడనుకుంది ఆవిడ.
కావాలనే చేస్తోందనుకున్నాడు ఆయన.
అందులో సగం వైరింగు.

పేపరు అంచున బొమ్మ గీసి చూపించాను రొసెండాకి.
ఇదిగో, కింది మీటకి మూడు కాళ్ళు, పైదానికి మూడు.
దుకాణంలో తొమ్మిది-ఇరవైనాలుగు అని అడగాలి దీన్ని.
ఎందుకని నన్నడక్కు,
నాకు పని నేర్పిన ఉలీసెస్‌కీ తెలీదు.
కరెంటు కింది మీటలోకొస్తుంది,
పై మీటలోంచి దీపానికెళ్తుంది,
నడుమ రెండు తీగెలు.
ఇద్దరూ ఒకే తీగె పట్టుకుంటే వెలుతురు,
చెరొకటీ పట్టుకుంటే లేదు.
పైకి నొక్కితే ఔను, కిందికి నొక్కితే కాదు,
ఆ లెక్క ఇక్కడితో సరి.
అవతలి మీట ఎటుందో తెలీకుండా
ఏ మీటకీ అర్థం లేదు.

"మరి నాది?"
నీదానికి నాలుగు కాళ్ళు.
వచ్చిన రెండు తీగెల్నీ నేరుగా పంపిస్తావు,
లేదంటే కత్తెర వేస్తావు. అంతే నీ పని.
చేప పొట్టలు చీల్చే చేతుల్తో
రెండు చూపుడువేళ్ళూ అడ్డంగా పెట్టి చూసుకుంది.
"ఆరేళ్ళుగా ఈ కొంపలో నేను చేస్తున్నది అదేగా!
ఈవిడ మాట ఆయనకి, ఆయన మాట ఈవిడకి.
ఉన్నదున్నట్టు చేరవేస్తే ఒకరోజు రభస,
కాస్త తిప్పి చెప్తే ఒకరోజు నిద్ర."

మూడు రోజులు మట్టిగోడ తొలిచాను.
జుట్టులో దుమ్ము, పళ్ళలో దుమ్ము.
ఒకసారి ఉమ్మడి కాలు తప్పు బిగించి
మొత్తం మళ్ళీ విప్పాను, అది మీకు చెప్పకూడదు.
సులేమా టీ ఇచ్చింది.
బల్దొమేరో నిచ్చెన పట్టుకుని,
పైకి చూడకుండా,
"ఆవిడకి మోకాలు ఎట్లా ఉందట?" అన్నాడు.

చివరికి ముగ్గుర్నీ వాళ్ళ వాళ్ళ చోట్ల నిలబెట్టి
నొక్కండి అన్నాను.
వెలిగింది.
ఆరింది.
మళ్ళీ వెలిగింది.
"ఎవరది?" కిందినుంచి కేక.
పైనుంచి జవాబు లేదు, నవ్వు మాత్రం
మెట్టు మెట్టుగా దిగొచ్చింది.
రొసెండా వేలు మీట మీదే ఉంది.
ఆమె కూడా చెప్పలేదు.

డబ్బుతో పాటు ఒక హురెల్ చేప ఇచ్చింది,
నేను బొమ్మ గీసిన పేపర్లోనే చుట్టి.
ఇంటికొచ్చి విప్పితే
తడికి సిరా పాకి
నడిమి రెండు గీతలూ ఒకటైపోయున్నాయి.
అట్లా కలిస్తే, ఎవరేం నొక్కినా
దీపం ఇక ఆరదు.
మా పనిలో దాన్ని లోపం కింద రాస్తాం.

చేప వేయించుకుని తిన్నాను.
బాగుంది.