కప్పల బడి

హడర్స్‌ఫీల్డ్‌లో వాన
డ్యూటీకొచ్చినట్టు ఎనిమిదింటికి వస్తుంది,
గుమ్మంలో కాళ్ళు తుడుచుకోదు.

మ్యూజియం నేలమాళిగలో
నా బల్ల మీద కప్పల బడి.
ఎప్పుడో జపాన్‌లో ఎవరో
చెర్రీ చెక్క మీద చెక్కి,
నలుపు అద్ది, నీలం అద్ది,
ఒక పూట నూడుల్స్ ధరకి అమ్మిన కాగితం.

పంతులు కప్ప చేతిలో రెల్లు బెత్తం.
గోడకి వేలాడేసిన తామరాకు మీద
నీటిబొట్లే అక్షరాలు.
ముందు వరసలో ముగ్గురు నోళ్ళు తెరిచారు.
ఒకడు పక్కవాడి కిమోనో మీద సిరా విదిలిస్తున్నాడు.
వెనక, స్తంభానికి ఆనుకుని
ఒకడు హాయిగా నిద్ర.
కప్పల తక్కెడ అంటాం కదా,
తూచడం మానేసి చదువు చెప్పబోతే
ఇదిగో, ఇలా ఉంటుంది.

పంతులు కన్ను పురుగు తినేసింది.
సరిగ్గా కన్నే.
ఆల్బంలో ఎన్ని బొమ్మలు దాటొచ్చిందో!
స్నానాలశాలలో పిల్లమ్మ తోక కొరికి,
నక్కల పెళ్ళిలో పల్లకీ బొంగు తొలిచి,
ఇక్కడికొచ్చి ఆగింది.
ఇన్ని జంతువుల్లో
మనిషి వేషం కట్టకుండా
బొమ్మలోకి దూరింది అదొక్కటే.

గోధుమ గంజి కాస్తున్నాను.
మా పిన్ని నేతచీరలకి పెట్టే గంజికీ దీనికీ
చిక్కదనంలోనే తేడా.

"గురువారానికి గోడెక్కాలి," అంది ఫిలిప్పా.
"కన్ను పెట్టేస్తావుగా?"
పెట్టొచ్చు.
ఎలాంటి కన్ను? కోపంగానా,
జీతం రాని నెలాఖరులానా?

బుధవారం పైన ఒకటే గోల.
మెట్ల నిండా పసుపు వానకోట్లు.
టీచరమ్మ గొడుగు మొనతో లెక్కపెడుతోంది.
ఇరవై అయిదు. మళ్ళీ. ఇరవై అయిదే.
ఇరవయ్యారోవాడు
నా బల్ల కింద ఉన్నాడు,
బూట్లలోంచి నీళ్ళు కారుస్తూ.
డెక్లాన్. ఏడేళ్ళు. ముందు పళ్ళు లేవు.

భూతద్దం చేతికిచ్చాను.
కాగితానికి ఊపిరి తగలనీయకుండా,
నేను చెప్పకముందే నోరు మూసుకుని,
చాలాసేపు చూశాడు.
"సారుకి కన్ను లేదు.
అందుకే వెనకోడు పడుకున్నాడు."
తల పైకెత్తి, నా కుంచెలకేసి చూసి,
"వాణ్ణి లేపొద్దు," అన్నాడు.

వాణ్ణి తీసుకెళ్ళిపోయారు.
నేల మీద రెండు తడి బూటుముద్రలు
నాలుగింటిదాకా ఆరలేదు.

మల్బరీ కాగితం చిటికెడంత చించి,
అంచు పోగులు విప్పి,
కన్నున్న చోట అతికించాను.
పాతకాగితం రంగు, పలచటి టీ రంగు, వేశాను.
అక్కడితో ఆపి కుంచె కడిగేశాను.

గురువారం పొద్దున్నే ఫిలిప్పా
కళ్ళద్దాలు తుడుచుకుని వంగింది.
"కన్నేదీ?"
రిజిస్టర్లో అప్పటికే రాశాను:
రంధ్రం పూడ్చాను, గీతల జోలికి పోలేదు.
అదే చెప్పబోయాను.
నోట్లోంచి వచ్చింది వేరు:
"వెనక ఒక పిల్లాడు నిద్రపోతున్నాడు."

ఆమె వెనక వరసకేసి చూసింది.
ఏమీ అనలేదు.
రోజూ దడాలున వేసే తలుపుని
వెళ్తూ వెళ్తూ
పిడి పట్టుకుని
మెల్లిగా దగ్గరికి లాగింది.