కొలతల పుస్తకం

ఈ పేజీ మద్దిలేటిది.
పదకొండేండ్లప్పటి కొలత: కుడి భుజం
ఎడమ కన్నా అంగుళంపావు మీదికి.
చెయ్యి మోచేతి దాకానే.
బేతంచెర్ల బండల మిషను తిన్నది అంతే,
మెడ పక్కకు వాలింది మాత్రం
చెయ్యి దాచుకోని దాచుకోని.

ఎడమ భుజంలో దూది పెట్టి కుడ్తా ఉంటి.
అద్దంలో చొక్కా నిటారుగా నిలబడేది,
పిల్లోడు దాని లోపల వంగి.

తర్వాత కర్నూలు హాస్టలు,
తెల్లారి ఐదున్నరకు ఈతకొలను.
మూడేండ్లు.
కోచ్ హుసేనమ్మది ఒకటే కేక అంట:
"లేని చేత్తో కూడా లాగురా!"
మొండి భుజం నీళ్లలో తిరిగీ తిరిగీ
వెన్ను దాని మాట కొంచెం విన్నట్టుంది.

సెలవులకొస్తే టేపు వేసినా.
తేడా ముప్పావంగుళం.
వీపు నాలుగంగుళాలు పెరిగింది,
ఎడమ పక్క ఎక్కువ.
"సమం కాలేదు కదరా" అన్నా.
"కాదులే మామా. నీళ్లలో నిటారంటే
పడుకోవడమే అంటాది మా మేడం."
నవ్వినాడు. క్లోరిన్ వాసన.

దూది వద్దన్నాడు.
కుడి చెయ్యి మోచేతి కాడికే మడిచి కుట్టమన్నాడు,
వేలాడగొట్టొద్దని.

కొత్త కొలత పెన్సిలుతో రాసుకున్నా,
పాతది కొట్టెయ్యలేదు.
ముప్పై ఏండ్లుగా భుజాలు కొలుస్తున్నా,
రెండూ ఒకటే ఉన్నోడు
ఇంకా అంగడి మెట్టెక్కలేదు.