రేకుల లెక్క

పాటు లాగుతోంది. భైరవపాలెం రేవులో
పెమ్మాడి ధర్మయ్య బోటు వెనక గొట్టంలోంచి
ధారగా దూకాల్సిన నీళ్లు
రెండు ఉమ్ములు, కాస్త ఆవిరి.
మళ్లీ రెండు ఉమ్ములు.

ముల్లు ఎర్రగీత దాటిందంటాడు.
ముల్లు కన్నా ముందు నేను అరచేతిని నమ్ముతాను.
మంచినీళ్ల పైపు కాలుతోంది,
ఉప్పునీళ్ల పైపు చల్లగా ఉంది.
లోపలి నెత్తురు తిరుగుతూనే ఉంది,
బయటి గోదారే లోనికి రావట్లేదు.

కుర్రాడెవడో మూత తిప్పబోతే చెయ్యి లాగేశాను.
నా ముంజేతి మచ్చ చూపించాను వాడికి,
ఆవిరి గీసిన లంక.

ముందు జల్లెడ.
ఎర్రనీరు దిగిన మూడో రోజు కదా,
గుర్రపుడెక్క వేళ్లు, రొయ్యల పొట్టు,
ఒక షాంపూ పేకెట్టు,
ఏ ఊరి గట్టుదో గుప్పెడు రేగడి.
కడిగి బిగించాను. ఉమ్ములు ఉమ్ములే.

తర్వాత పంపు.
మరలు ఆరు, ఒకదాని తల అరిగిపోయి ఉంది, ఉలితో కొట్టి తీశాను.
లోపల రబ్బరు పువ్వు.
ఆరు రేకులుండాలి,
మూడున్నాయి.

"కొత్తది వేసెయ్, పోటుకి పోవాలి" అన్నాడు ధర్మయ్య.
నిషేధం ఎత్తేశాక మొదటి వేట.
ఐసు కరుగుతోంది,
దాని మీదే కూర్చుని అయిదుగురు బీడీలు కాలుస్తున్నారు.

కొత్తది వేస్తే ధార వస్తుంది, కాదనను.
మొగ దాటేదాకా వస్తుంది.
తెగినవి ఎక్కడికీ పోవు ధర్మయ్యా,
నీళ్లతో పాటు ముందుకే పోతాయి,
ఇరుకు చూసుకుని కూర్చుంటాయి.

ఇంజను చల్లారాక కూలరు విప్పాను.
సన్నగొట్టాల నోళ్ల మీద
ఒకటి. రెండు.
వేలు మడిచి లోపలికి పోనిస్తే, మూడు.
లెక్క సరిపోయింది. లేవబోయాను.
గోరుకి ఇంకోటి తగిలింది.

ఇది ఈ పువ్వుది కాదు.
ఎండి, కొబ్బరిచిప్పలా గట్టిపడి,
ఉప్పు తిని అంచులు తెల్లబడి ఉంది.

ఈ పంపు ఇంతకు ముందు విప్పింది ఒక్కడే.
మూడేళ్ల కిందట, తుపాను కబురొచ్చిన రాత్రి,
టార్చిలైటు పళ్ల మధ్య కరుచుకుని,
లెక్కపెట్టకుండా.

అప్పట్నించీ ఇంజను కొంచెం వేడిగానే ఉండేది.
బెల్టు మార్పించాడు ధర్మయ్య. థర్మోస్టాట్ మార్పించాడు.
భార్య గొలుసు కుదవపెట్టి రేడియేటరు కడిగించాడు.
ఆఖరికి అందరం గోదారి బురదని తిట్టాం.
నేను ఇంకాస్త గట్టిగా తిట్టాను.

మూడు రేకులు అతని అరచేతిలో పోశాను.
నాలుగోది నా చొక్కా జేబులో ఉంది,
నేను వేశానో, అదే పడిందో.

కొత్త పువ్వు పట్టింది. మోకు విప్పారు.
వెనక గొట్టంలోంచి తెల్లటి ధార
విల్లులా వంగి నీళ్లలో పడుతోంది.
కూలి డబ్బులు వద్దంటే కారణం చెప్పాలి కాబట్టి తీసుకున్నాను.

మడచెట్ల మలుపు దగ్గర
ఇంజను హోరు మీదుగా అరిచాడు:
"మొత్తం ఎన్ని దొరికాయన్నావ్?"

నాలుగు వేళ్లు ఎత్తి పట్టుకున్నాను.
చెయ్యి ఊపుతున్నాననుకుని
తనూ ఊపాడు.