మూడున్నర అంగుళాలు

తెల్లవారుజాము నాలుగున్నర.
ఓక్లహోమాలో ఈ వేళప్పుడు
గాలి కూడా బూట్లు వేసుకునే నడుస్తుంది.
నలభై మందికి ఆరు అద్దాలు.
నా వంతు రాకముందే చేతులకు పని తెలుసు:
తడి, జెల్లు, దువ్వెన, రబ్బరు బ్యాండు,
పళ్ళ మధ్య పదకొండు పిన్నులు.
పన్నెండోది ఎప్పుడూ కనపడదు.

జుట్టున్నమ్మ ఏ కొప్పయినా పెడుతుందని అన్నవాళ్ళకు
ఎవరూ రూల్సు పుస్తకం చూపించి ఉండరు.
ఇక్కడ జుట్టున్నమ్మకు ఒకటే కొప్పు.
కాలరు తాకకూడదు,
తల మీంచి మూడున్నర అంగుళాలు మించి లేవకూడదు.
చెవి పక్కన ఒక్క పోగు ఊడి కనిపిస్తే
ముప్పై పుషప్పులు,
పోగుకి కాదు, నాకు.

సార్జెంట్ పెటిగ్రూ స్కేలు పట్టుకుని వస్తుంది.
చిన్నపిల్లల స్కేలు, పసుపుపచ్చది,
ఒక మూల ఎవరో కొరికిన పంటి గాట్లు.
"ఒచోవా, ఇది కొప్పా, కొండా?"
మాది లరేడో. మా అమ్మమ్మ దువ్వెనలకు
పళ్ళు మిగిలేవి కావు.
కొండే సార్జెంట్, అనలేక
"సరిచేస్తాను సార్జెంట్" అన్నాను.

ఆ రోజే ఫైరింగ్ రేంజిలో ఎర్రమట్టి మీద బోర్లా పడుకున్నాం.
తల ఎత్తానో లేదో
కొప్పు హెల్మెట్‌ని వెనకనుంచి తోసింది,
హెల్మెట్ వచ్చి కళ్ళ మీద వాలింది.
మూడు వందల మీటర్ల అవతల
ఆకుపచ్చ ప్లాస్టిక్ మనిషి నన్ను చూస్తున్నాడు.
నాకు వాడు కనబడటం లేదు.
గురి వెంట్రుకవాసిలో తప్పిందంటారు,
నాకు తప్పింది లక్ష వెంట్రుకల్లో.

పెటిగ్రూ పక్కన మోకాళ్ళ మీద కూచుంది.
చెమట తుడుచుకోడానికి టోపీ తీసింది.
అప్పుడు చూశాను,
రెండు కణతల దగ్గరా
బొటనవేలంత మేర జుట్టు లేదు.
కాలినట్టు కాదు, కోసినట్టు కాదు,
రోజూ ఒకే దారిన నడిస్తే
గడ్డి మొలవడం మానేసిన కాలిబాటలాగ.
పదిహేడేళ్ళ కొలువు, రెండు యుద్ధాలు,
తల మీద ఒక్క తూటా గీత లేదు.
తగిలిందల్లా రబ్బరు బ్యాండే.
"చూడకు" అంది.
కాసేపాగి "చూడు" అంది.

మార్చిలో కొత్త కాగితం వచ్చింది.
నోటీసు బోర్డు మీద
భోజనాల వేళలకీ, ఎవరిదో పోయిన ఎడమచేతి గ్లవుకీ మధ్య.
ఒంటిజడ వేసుకోవచ్చట. వీపు మీద వదలొచ్చట.
ఎవరూ కేకలు పెట్టలేదు.
సింకులో ఎవరో పిన్నుల డబ్బా బోర్లించారు,
ఆ చప్పుడే చాలాసేపు వినిపించింది.
నెబ్రాస్కా పిల్ల హాల్వర్సెన్ మాత్రం
"మరి ఇన్నాళ్ళూ దేనికి?" అంది.
జవాబు చెప్పడం మాలో ఎవరి డ్యూటీ కాదు.

మర్నాడు పెటిగ్రూ నా వెనక నిలబడింది.
"ముట్టుకోనా?" అని అడిగింది, అదీ రూలే.
మూడు పాయలు తీసింది.
ఆ వేళ్ళు అంత నెమ్మదివని
మా పుషప్పులకు తెలియదు.
"లాగితే నొప్పెయ్యాలి, అప్పుడే నీటుగా ఉన్నట్టు
అనుకునేదాన్ని, నీ వయసులో" అంది నా మెడతో.
జడ వదులుగా దిగింది.
ఆ రోజు హెల్మెట్ కదల్లేదు.
నలభైలో ముప్పై ఆరు పడగొట్టాను.
మిగతా నాలుగింటికీ జుట్టు మీద నెపం వేయలేను.

ఆమెకు ఒంటిజడ కుదరలేదు,
పాయలకు చాలినంత లేదు.
ఆదివారం క్షవరం షాపులో, మగవాళ్ళ వరసలో కూచుని,
మిషను పెట్టించుకుని వచ్చింది.
పావంగుళం. అదీ రూల్సులో ఉంది.
సోమవారం నాలుగున్నరకు
అలవాటుగా అద్దం ముందు నిలబడి
పిన్నుల కోసం నోటి దాకా వెళ్ళిన చెయ్యి
అక్కడే కాసేపు ఆగింది.
తర్వాత జేబులోంచి పసుపుపచ్చ స్కేలు తీసి
నా చేతిలో పెట్టి
తల వంచింది.

"కొలువు, ఒచోవా."