క్రియ చివర

లీడ్స్‌లో, కాలువ ఒడ్డున, ఒకప్పటి ఉన్ని గోదాం మూడో అంతస్తులో
పదకొండు మంది ఆడవాళ్లం గుండ్రంగా కూర్చున్నాం.
మా వయసులన్నీ కూడితే
ఈ గోడల వయసుకి మూడింతలు.
ఫిబ్రవరి. వాన అద్దం మీద ఏటవాలుగా జారుతోంది.
నాయకత్వం నేర్చుకు రమ్మని కంపెనీ డబ్బు కట్టి పంపింది.
ఇరవై ఆరేళ్లుగా పడిపోయిన సర్వర్లని లేపుతున్నదాన్ని,
నన్ను నేను లేపుకోవడం మూడు రోజుల్లో వస్తుందట.

నేర్పే ఆవిడ గ్లెనిస్. ఎర్ర బూట్లు, గరుకు గొంతు.
"ఈ ఏడాది మీరు చేసిన పని ఒకటి చెప్పండి.
మేము అనొద్దు. నేను అనండి."

ఓడెట్ చెప్పింది, మధ్యలో మూడుసార్లు క్షమాపణ అడిగి.
ఒలుఫుంకె చెబుతూ చెబుతూ
వాళ్ల మేనేజర్ని పొగడ్డంలోకి జారిపోయింది.
అందరం నవ్వాం.
నవ్వు ఆగాక ఎవరి కాళ్లు వాళ్లు చూసుకున్నాం.

నా వంతు.
అక్టోబరులో ఒక రాత్రి ఆసుపత్రుల అపాయింట్‌మెంట్లు కుప్పకూలాయి.
తొమ్మిది ఊళ్లు.
పొద్దున్నే కీమోకి రావలసినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు.
తెల్లారేసరికి మేము లేపాం.
"మేము కాదు" అంది గ్లెనిస్.

నోరు పెగల్లేదు.
ఆ ఇంగ్లీషు నేను ఉందే,
ఎప్పుడూ పెద్దక్షరమే, వాక్యం గుమ్మంలో
కర్రలా నిటారుగా నిలబడి ఉంటుంది.
నా భాషలో అది క్రియ చివర ఒదిగి కూర్చుంటుంది.
చూశాను. వెతికాను. లేపాను.
ముందుకి రాకుండానే ఉంటుంది.
అదే నా వినయమని మురిసిపోయాను ఇన్నాళ్లూ.

తీరా చూస్తే ఆ రాత్రి రిపోర్టులో ఆ చివరి అక్షరం కూడా లేదు.
ఇంగ్లీషులో రాశాను గానీ, తెలుగు చేస్తే ఇంతే:
లోపం గుర్తించబడింది. సేవ పునరుద్ధరించబడింది.
అన్నీ బడ్డాయి. అన్నీ నేల మీద పడ్డాయి.
మర్నాడు కాలమ్ వాటిని ఏరుకుని
బోర్డు ముందు చక్కటి స్లైడుగా పెట్టాడు.
అతని మీద కోపం లేదు.
ఎవరివీ కానివే తీసుకున్నాడు.

"నేను లేపాను" అన్నాను చివరికి.
ఎవరిదో గొంతులా వినిపించింది.
ఒలుఫుంకె చప్పట్లు కొట్టింది.
ఇక్కడితో ముగిస్తే బాగుండేది.

ఇంటికి వెళ్లే రైల్లో, షిప్లీ దాటాక, గుర్తొచ్చింది.
లోపం చూసింది నేను కాదు.
నీవ్. ఐర్లాండు పిల్ల, చేరి ఏడు నెలలు.
ఆ పేరు పిలిచినప్పుడల్లా నా చెవికి
ఎదుటి మనిషిని పిలిచినట్టే ఉంటుంది.
మూడూ పదికి చాట్‌లో రాసింది:
"సారీ, నేనే పొరబడుతున్నానేమో,
ఈ సర్టిఫికెట్ గడువు నిన్నటితో అయిపోయినట్టుంది."
థాంక్స్ కూడా చెప్పకుండా పనిలో పడ్డాను.

గుర్తించబడింది.
ఆ మాట కింద పడిపోయింది నేనొక్కదాన్నే కాదు.
రాసింది మాత్రం నేనొక్కదాన్నే.

ఇంగ్లీషులో ఒక్కటే వుయ్. మనకి రెండు.
మేము అంటే వినేవాళ్లు గడప బయట,
మనం అంటే లోపల.
పాతికేళ్లు మీటింగుల్లో నేనన్నది ఏదో
వాళ్లకి తెలియదు సరే,
నాకు?

బింగ్లీ ప్లాట్‌ఫాం మీద చలికి వేళ్లు వంగడం లేదు.
బెంచీ మీద ల్యాప్‌టాప్ తెరిచి
మూసేసిన రిపోర్టుకి రెండు వాక్యాలు చేర్చాను.
మూడూ పదికి లోపం కనిపెట్టింది నీవ్ మెక్‌గ్రోరి.
ఊళ్లన్నీ ఒకేసారి కాదు, ఒక్కొక్కటే తెరవాలని
నిర్ణయించింది నేను, వకుళ చిట్టూరి.
కాలమ్‌కీ, బోర్డుకీ, నీవ్‌కీ పంపాను.

వీధి మలుపు దగ్గర ఫోను మోగింది. నీవ్.
"సారీ, నా పేరు అంత అవసరమా?"

సోమవారం
ఆ మొదటి మాట దగ్గర మొదలుపెట్టాలి.