బఠానీల సంచి

పలకరాళ్ల కప్పు కింద
పంతొమ్మిదేళ్లు పడుకున్న కారు.
షెడ్డు తలుపు లాగితే ముందు ఎలుకల కంపు,
దాని వెనక పెట్రోలు.
పెట్రోలు కూడా కాదు, ఎండిపోయిన వార్నిష్.

ఇడ్వల్ గడప దగ్గరే ఆగి
ముక్కుతో చూశాడు.
ఆయన కళ్లకి నడిమధ్య అంతా మసక,
అంచుల్లో మాత్రం కాస్త వెలుతురు.
"కార్బురేటరైతే ఊరికే గరిటెతో పోస్తుంది.
ఇది కొలిచి పోసే రకం.
కొలిచేవాళ్లకి కోపాలెక్కువ" అన్నాడు.

వేల్స్‌లో మా మూల వానకి శని, ఆదివారాలు తెలియవు.
బస్సు డిపోలో డ్యూటీ దిగి నేరుగా వచ్చేదాన్ని.
చూడ్డం నా వంతు, తాకడం ఆయన వంతు.

ట్యాంకు విప్పితే
డికాక్షన్ రంగు బురద దిగింది, బకెట్టున్నర.
ఫిల్టరు మార్చాం. గొట్టాలు మార్చాం.
తుప్పుని తిట్టాం, తేమని తిట్టాం,
డిక్కీలో స్పేరు టైరు పక్కన దాక్కున్న పంపుని
ప్రత్యేకంగా తిట్టాం.

తాళం తిప్పగానే పంపు
కందిరీగలా మొదలై
కాసేపటికి గొంతు మార్చుకుంది.
"కాగిపోతోంది. లోపల పెట్రోలు ఆవిరవుతోంది" అని
ఇంటివైపు తిరిగి కేకేశాడు:
"మైర్! బఠానీలు!"

మైర్ ఫ్రిజ్‌లోంచి గడ్డకట్టిన సంచి తెచ్చి
పంపు మీద వేసింది,
పాత అలవాటులా, అడక్కుండానే
అంచులు లోపలికి దోపింది.

పంపు చల్లబడింది. ఇంజిను పలకలేదు.
గేజి ముల్లు సున్నా మీద సుఖంగా కూర్చుంది.
పంపు నెడుతోంది, కొలత పెట్టెకి చేరడం లేదు.
మధ్యలో ఎక్కడో ఎవరో తింటున్నారు.

జాయింటు ఒక్కొక్కటీ విప్పుకుంటూ వచ్చాను.
చిట్టచివరి నట్టు వెనక
గోరంత ఎర్ర బిళ్ళ.
కత్తెరతో గుండ్రంగా కోసిన రబ్బరు,
నానీ నానీ ఉబ్బింది.

"ఏమిటది?"
నేను చెప్పలేదు. ఆయన అరచేతిలో పెట్టాను.
బొటనవేలు దాని మీద ఒకసారి వెళ్లింది,
ఇంకోసారి వెనక్కి వచ్చింది.
వరుసగా సన్నటి గీతలు.
చలికాలాలన్నీ పాదాలు ఆనించి పడుకున్న గీతలు.
వేడినీళ్ల సంచి.

వాన రేకుల తొట్టిలో పడుతోంది.
మైర్ చేతులు ఆప్రాన్‌కి తుడుచుకుంది,
అవి తడిగా లేవు.

"ఆ రాత్రి వంతెన మలుపులో
గొర్రెని చూసి మనిషి అన్నావు.
మనిషిని చూసి ఏమీ అనలేదు."

"అడిగితే తాళాలు ఇచ్చేవాణ్ణి."
"అడిగాను. మూడుసార్లు."

"ఇన్నేళ్లూ పంపుదే తప్పనుకున్నాను.
కంపెనీకి ఉత్తరాలు రాశాను."
"తెలుసు. పోస్టు డబ్బాలో వేసింది నేనే."

నేను స్పానరు వెతుకుతున్నట్టు వంగాను.
స్పానరు నా చేతిలోనే ఉంది.

ఆయన బిళ్ళని చొక్కా జేబులో వేసుకుని,
జేబు మీద ఒకసారి తట్టి,
"నట్టు బిగించు. గాలి తియ్యాలి" అన్నాడు.

ఆరు ఇంజెక్టర్లు ఊడదీసి
ఆరు జాము సీసాల్లోకి దించాం.
అయిదింటిలో పొగమంచులాంటి తుంపర,
చివర వెడల్పైన సన్నటి గొడుగు.
నాలుగోది మాత్రం
ముసలి కుళాయిలా చుక్క, ఆగి, మరో చుక్క.
ఆయన దాని గొట్టాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని
చాలాసేపు తల పక్కకి వంచాడు.
"కొట్టుకుంటోంది. దారి దొరక్క కొట్టుకుంటోంది."
స్పానరు వెనక భాగంతో చిన్నగా ఒకటి,
మరీ చిన్నగా ఇంకొకటి.
గొడుగు విచ్చుకుంది.

తాళం ఎవరు తిప్పాలి?
నా చేతులు గ్రీజు. ఆయన బానెట్ వదిలి రాడు.
మైర్ డ్రైవరు సీట్లో కూర్చుంది,
మోకాళ్ల మీద గౌను సర్దుకుని.

మొదట దగ్గు, తర్వాత నీలం పొగ,
షెడ్డులో మేం ఒకరికొకరం కనపడలేదు.
ఆయన నవ్వడం వినపడింది:
"ఇప్పుడు ముగ్గురం సమానం!"

పొగ పలచబడేసరికి
ఆయన వేళ్లు ఇంకా నాలుగో గొట్టం మీదే ఉన్నాయి.
కారు ఒక అడుగు వెనక్కి జరిగి ఆగింది.
మైర్ కాలు క్లచ్ మీద
ఏదో గుర్తు చేసుకుంటోంది.

రాత్రి భోజనానికి నన్నూ ఉండమన్నారు.
బంగాళాదుంపలు, గొర్రెమాంసం, అవే బఠానీలు.
కాస్త పెట్రోలు వాసన వచ్చింది.
ముగ్గురం తిన్నాం.
ఎవరం ఏమీ అనలేదు.