తట్టి చూసేటోడు

ఎర్రగుంట్ల గనిలో
ముప్పై ఏండ్లుగా నా పని ఒకటే:
బండను సుత్తితో తట్టేది, చెవి పెట్టేది.
కంగుమంటే గట్టిది.
బొద్దుమంటే లోపల నెర్రె ఉన్నట్టు.
కంటికి కనపడని నెర్రె
చెవికి దొరుకుతాది.

నిరుడు
ప్రొద్దుటూరోళ్ల పెండ్లిమంటపానికి
నేను "కానీండ్రా" అన్న బండ
లారీలోనించి దించేటప్పుడే రెండైపాయ.
చౌడప్ప కూలిలో పట్టుకున్నాడు.
రాయి అబద్ధమాడిందనుకున్నా.

ఎడమ చెవిలో జోరీగ.
ఫోను ఎప్పుడు కుడిచెవికి మారిందో నాకే తెలీదు.
నడిస్తే ఒక పక్కకు లాగతాంది.
తాగినాడన్నారు.
ఓబుళమ్మ గూడా నా నోరు వాసన చూసింది.

కడప పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ
రెండు కాళ్ల ఇనుప కడ్డీ మోగించి
నడినెత్తిన ఆనించింది.
"ఏ పక్క వినబడతాంది?"
కుడిపక్క, అన్నా.
ఈయమ్మ గూడా తట్టి చూసే మనిషే.

ఎమ్మారై కాడ ఫర్హానా అనే పిల్ల
మొలతాడు, ఉంగరం, దర్గా తాయెత్తు
అన్నీ విప్పించింది.
"కంట్లో ఎప్పుడైనా ఇనుప రజను పడిందా?"
ఇన్నేండ్లలో ఎవురూ అడగని మాట.
ఉలి అంచు ఎగిరి గుచ్చుకున్న ఎండాకాలం గురించి చెప్పినా.
ముందు కంటికి ఎక్సరే తీసి
ఏమీ లేదన్నాకనే లోపలికి తోసింది.

"కుళ్లాయప్పా, కదలొద్దు."
బండ ఎట్ల పండుకుంటాదో అట్ల పండుకుంటి.
కదిల్తే పలుకు చెడతాదని
నాకు ఒకరు చెప్పల్నా?

టక టక టక.
ఆగి, గర్ర్‌మని.
మళ్లీ దబ దబ దబ.
సగంలో చేతికి సూది,
సల్లగా ఏందో మోచేతి దాకా పాకె.
మళ్లీ తట్టేది.

సాయంత్రం తెర మీద నా తల,
అడ్డంగా కోసిన ఉల్లిగడ్డ మాదిరి.
ఎడమచెవి లోపలి సన్నకాలవలో
తెల్లగా మెరుస్తా ఒక శెనగ్గింజ.
"క్యాన్సర్ కాదు. నిదానంగా పెరిగేది.
వినికిడి నరాన్ని ఒత్తుకోని కూచోనుంది.
ఆర్నెల్లకు మళ్లీ తీసి చూస్తాం,
పెరిగితే అప్పుడు కోత మాట."

"ఇంతదానికా అంత మిషను!" అనింది ఓబుళమ్మ,
చిటికెనేలి గోరు చూపిస్తా.
నాకు నవ్వు రాలే.
ప్రొద్దుటూరు బండ గుర్తొచ్చింది.
పాపం, అది బొద్దుమనే అనిందేమో.

సోమారం గనికి పోయి
బండకు ఆపక్కన కూచున్నా,
కుడిచెవి కిందికొచ్చేటట్టు.
తట్టినా.
చానాసేపు ఏమీ చెప్పలే.
"ఏందన్నా?" అన్నాడు కొత్తగా పనికొచ్చిన పిల్లోడు.
సుత్తి వాని చేతికిచ్చి
నువ్వు తట్టు, అన్నా.